జ్ఞానపితరులు

కడచిన వేసవి సెలవుల పిదప, మా పాఠశాలలో బాలురను చేర్చుకొను దినములయందు, ఒక పెద్దమనుష్యుడు తొమ్మిదేండ్ల పిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చెను. పిల్లవానికి తండ్రి లేడు. తల్లి పొరుగూరికి కూలికి పోయియుండెను. వచ్చినవాడు వారి పొరుగింటివాడు. కులము వేరు, చుట్టరికము లేదు. ప్రవేశపత్రమున ‘తండ్రి లేక సంరక్షకుడు’ అనుచోట వ్రాలు చేయుడని కలము చేతికీయగా, ఆయన దానిని కొంతసేపు అట్లే పట్టుకొని, “పంతులుగారూ, దీనిమీద సంతకం పెడితే నేను దేనికి కట్టుబడినట్టండీ?” అని యడిగెను. నేనేదో సమాధానము చెప్పితిని. ఆయన వ్రాలు చేసి పోయెను. కాని ఆ ప్రశ్న మాత్రము నన్ను విడిచిపోలేదు. కన్నవాడు కానివాడు బిడ్డ పక్షమున నిలిచి పూచీపడునపుడు, ఆ పూచీకి మేర యెంత?

ఈ ప్రశ్నకు సుమారు పదునెనిమిది వందల యేండ్లుగా ఉత్తరము వెదకుచు వచ్చిన ఆచార మొకటి క్రైస్తవలోకమున కలదు. శిశువునకు జ్ఞానస్నానము చేయించునపుడు తల్లిదండ్రులు గాక వేరొక పురుషుడో, స్త్రీయో, ఇరువురునో ముందుకు వచ్చి, మాటలురాని ఆ శిశువునకు బదులుగా తాము ప్రత్యుత్తరమిచ్చి, దాని మతశిక్షణమునకు తాము బాధ్యులమని యొడంబడుదురు. వీరినే ఆంగ్లేయులు గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్ అందురు. మనము జ్ఞానపిత, జ్ఞానమాత యనవచ్చును. ఇది యొక మతమువారి కర్మకాండకు సంబంధించిన విషయమని తలచి విడిచిపెట్టరాదు. రక్తసంబంధము లేనిచోట బంధుత్వమును నిర్మింపజూచిన మానవప్రయత్నములలో ఇది యొకటి. ఆ ప్రయత్న మెచ్చట నిలిచినదో, ఎచ్చట జారినదో తెలిసికొనుట మనకును ఉపయోగకరము.

మొదట పేరును విచారింతము. లాటిను భాషలో వీరికి స్పాన్సర్ అని పేరు. ఈ మాట దేవాలయమున పుట్టినది కాదు, వ్యవహారమునుండి వచ్చినది. రోమనుల ధర్మశాస్త్రము ప్రకారము ఒకని ఋణమునకు మరియొకడు నోటిమాటతో పూటకాపుగా నిలువవచ్చును. ‘పూచీపడుదువా?’ యని యడుగగా ‘పూచీపడుదును’ అని బదులు చెప్పినవాడు స్పాన్సరు. మన స్మృతికారులు ప్రతిభువు అనినది ఇట్టివానినే. అప్పుగొన్నవాడు తీర్పనిచో ఋణదాత పూటకాపును పట్టుకొనును.

క్రీ. శ. 200 ప్రాంతమున ఉత్తరాఫ్రికాలోని కార్తేజి నగరవాసియైన టెర్టులియను, జ్ఞానస్నానమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ మాటనే వాడెను. ఈ పూటకాపులను గూర్చి మనకు లభించిన ప్రాచీన ప్రస్తావనలలో నొకటియగు ఈ వాక్యము ఒక హెచ్చరికగా నుండుట విశేషము. పసిబిడ్డల విషయమున తొందరపడవలదనియు, దానివలన పూచీపడినవారు అపాయమున పడుదురనియు ఆతడు వాదించెను. వారు మరణించి తమ మాట చెల్లింపలేకపోవచ్చును; లేదా బిడ్డ పెరిగి దుస్స్వభావుడగుటచే వారి మాట వమ్ము కావచ్చును. కలము చేతబట్టుకొని జంకిన మా పెద్దమనుష్యుని జంకును ఇట్టిదే. పూచీ యనగా నేమో యెరిగినవాడే జంకును.

ఆ కాలమున జ్ఞానస్నానము పొందువారిలో పెద్దవారును అనేకులుండిరి. వారికిని పూటకాపు కావలసియుండెను. కాని ఆ పూటకాపు పని వేరు. నాలుగవ శతాబ్ది చివర యెరూషలేమునకు యాత్రపోయిన ఎగేరియా అను స్త్రీ తాను చూచిన పద్ధతిని వర్ణించినది. జ్ఞానస్నానము కోరువారిలో పురుషులు తమ ‘తండ్రుల’తోను, స్త్రీలు తమ ‘తల్లుల’తోను వచ్చెడివారట. బిషప్పు వారి ఇరుగుపొరుగువారిని పిలిచి, ఇతడు సత్ప్రవర్తన కలవాడా, తల్లిదండ్రులను గౌరవించునా, త్రాగుబోతా, అబద్ధీకుడా యని యడిగెడివాడట. కావున జ్ఞానపిత యనగా మొదట ఒకని నడవడికి సాక్షి. పిదప వాని భవిష్యత్తునకు పూటకాపు.

అయిదవ శతాబ్ది ఆదిని హిప్పో నగరపు బిషప్పైన ఆగస్టీను, బోనిఫేసు అను తోటి బిషప్పునకు వ్రాసిన లేఖ ఈ విషయమున మిక్కిలి విలువగలది. సాధారణముగా బిడ్డలను కన్నవారే తీసికొనివత్తురని చెప్పుచు, అట్లు కానిచోటులను కూడ ఆయన పేర్కొనెను. దాసుల బిడ్డలను యజమానులు తెచ్చుట కలదు. తల్లిదండ్రులు గతించిన బిడ్డలను దయగలవా రెవరైనను తెచ్చుట కలదు. నిర్దయులైన తల్లిదండ్రులు వీధిలో పారవేసిన శిశువులను సన్న్యాసినులు ఎత్తుకొనివచ్చి, తామే నిలిచి జ్ఞానస్నానము చేయించుట కలదు. వారు ఆ బిడ్డలను కన్నవారును కారు, కనబోవువారును కారు. జ్ఞానమాతృత్వమునకు ఇంతకంటె స్వచ్ఛమైన రూపము మరియొకటి నాకు చరిత్రలో కనబడదు.

ఆరవ శతాబ్ది మొదలు ఈ పూచీ క్రమముగా బంధుత్వముగా మారెను. 530లో జస్టీనియను చక్రవర్తి, జ్ఞానపిత తన జ్ఞానపుత్రికను వివాహమాడరాదని శాసనము చేసెను. అంతటి పితృప్రేమకు తావిచ్చు సంబంధము వేరొకటి లేదని దాని యభిప్రాయము. 692లో కాన్‌స్టాంటినోపులులో జరిగిన సభ, శరీరసంబంధముకంటె ఆత్మసంబంధమే గొప్పదని చెప్పి, జ్ఞానపిత ఆ బిడ్డయొక్క తల్లిని, ఆమె విధవయైనను, పెండ్లాడరాదని నిషేధించెను. 813లో జర్మనీయందలి మైన్ట్స్ నగరపు సభ, కన్నవారు తమ బిడ్డకు తామే జ్ఞానపితరులు కారాదని నిర్ణయించెను. నాలుగు వందల యేండ్ల క్రిందట ఆగస్టీను కన్నవారే తెత్తురని చెప్పిన దానికిది పూర్తిగా విరుద్ధము. ఇకమీదట ప్రతి బిడ్డకును ఇంటి వెలుపల ఒక తండ్రియో తల్లియో యుండితీరవలెను.

దీనివలన సంఘమునకు కలిగిన ఫలము చిన్నది కాదు. ఆంగ్లదేశమున ఏడవ శతాబ్ది చివర ఈను రాజు చేసిన ధర్మశాసనములలో జ్ఞానపుత్రునిగాని జ్ఞానపితనుగాని చంపినవాడు బంధువును చంపినట్లే రెండవవానికి పరిహారధన మీయవలెనని కలదు. 878లో ఆల్‌ఫ్రెడ్ రాజు ఎడింగ్టను యుద్ధమున డేనుల నాయకుడైన గుత్రమును ఓడించి, అతని తల తీయక, తానే జ్ఞానపితయై అతనికి జ్ఞానస్నానము చేయించి ఏథెల్‌స్టన్ అని పేరు పెట్టెను. 890లో గుత్రము మరణించినపుడు ఆంగ్లో-సాక్సను వృత్తాంతము అతనిని ఆల్‌ఫ్రెడ్ రాజుయొక్క జ్ఞానపుత్రుడని పేర్కొన్నది. రాజనీతి దీనిలో లేదని నేననను. కాని శత్రువును కుమారుని వరుసలోనికి తెచ్చుటకు ఒక దారి యుండుట, అట్టి దారి లేకుండుటకంటె మేలు.

పెరిగిన కొలది ప్రతి యాచారమునకును తెగులు పట్టును. బిడ్డకు పూటకాపుగా నిలిచినవారికిని బిడ్డ తల్లిదండ్రులకును నడుమ ఏర్పడిన వియ్యమువంటి సంబంధమే ముఖ్యమై, బిడ్డ వెనుకబడెను. ధనవంతులను, అధికారులను, వర్తకమున పొత్తువారిని ఎన్నుకొనుట వాడుకయయ్యెను. 15వ శతాబ్దియందు ఫ్లారెన్సు నగరపు గృహస్థులు ఒక్క బిడ్డకే పలువురను నియమించుకొని, దానిద్వారా తమ స్నేహవర్గమును విస్తరింపజేసికొనిరి. నిషేధములును పెరిగిపోయి, ఎవరు ఎవరికి వరుసయగుదురో తెలియక వివాహములు చిక్కుపడెను. లూథరు 1520లో ఈ కల్పిత నిషేధములను తీవ్రముగా ఖండించెను. 1563లో ట్రెంటు సభ, ఇక ఒక్కరే, మించినచో ఒక పురుషుడును ఒక స్త్రీయును మాత్రమే యుండవలెనని కట్టడిచేసెను. ఆంగ్లదేశమందలి ప్యూరిటనులు ఈ యాచారమే వలదనిరి. తండ్రి యుండగా ఇతరు లెందులకని వారి ప్రశ్న. ఆంగ్ల మతసంఘము దానిని నిలుపుకొనెను. 1662నాటి ప్రార్థనగ్రంథము ప్రకారము మగబిడ్డకు ఇద్దరు జ్ఞానపితలును ఒక జ్ఞానమాతయును, ఆడబిడ్డకు ఒక జ్ఞానపితయును ఇద్దరు జ్ఞానమాతలును ఉండవలెను.

భాషకూడ ఈ పతనమును దాచలేదు. ప్రాచీనాంగ్లమున గాడ్‌సిబ్ అనగా దేవునియందు చుట్టము. అదియే కాలక్రమమున స్నేహితుడని, పిదప పురిటింట చేరిన స్త్రీలని, తుదకు ఊసుపోక మాటలని అర్థము మారి, గాసిప్ అను రూపమున నేడు పత్రికలలో తిరుగుచున్నది. దైవసాక్షిగా ఒప్పుకొన్న మాట పొరుగువారి ముచ్చటయైపోయినది!

ఇంతవరకు చెప్పినది చదివినవారికి, ఇట్టి ఆచారము పోయినను నష్టమేమి యని తోచవచ్చును. దానికి సమాధానము అట్లాంటిక్ సముద్రపు రెండు తీరములయందు, దాస్యముయొక్క చరిత్రలో, దొరకుచున్నది.

నీగ్రోదాసులకు జ్ఞానస్నానము చేయించినచో వారు యజమానునకు సోదరులగుదురుగదా, సోదరుని సంకెలలో నుంచుట యెట్లు? ఈ శంక దాసులను కొన్నవారిని బాధించెను. దానిని వారు చట్టముతో తీర్చుకొనిరి. 1667లో వర్జీనియా రాష్ట్రసభ, జ్ఞానస్నానమువలన దాసునకు స్వాతంత్ర్యము రాదని శాసించెను. 1729లో ఆంగ్లదేశపు ప్రభుత్వ న్యాయవాదులైన యార్క్, టాల్బట్ అనువారును అదే యభిప్రాయ మిచ్చిరి. చట్టము నోరు మూయించినను ఆచారము ఊరకుండలేదు. బ్రెజిలులోని బాహియా ప్రాంతమున 18వ శతాబ్దిలో వ్రాయబడిన జ్ఞానస్నాన పట్టికలను చరిత్రకారులు పరిశీలించిరి. అచట దాసులందరకును జ్ఞానస్నానము జరిగెడిది, అందరకును జ్ఞానపితరుండిరి, కాని యజమాని తన సొంత దాసునకు జ్ఞానపితగా నిలుచుట మిక్కిలి యరుదు. పొరుగువారో, స్వతంత్రులో, తోటి దాసులో నిలిచెడివారు. కారణము స్పష్టము. జ్ఞానపిత బిడ్డను కాపాడవలసినవాడు. యజమాని కొరడా పట్టవలసినవాడు. రెండును ఒక్క చేతిలో ఇముడవు. ఆ యాచారమునకు ఇంకను అర్థము మిగిలియున్నదనుటకు ఇదియే సాక్ష్యము. అర్థములేని మాటయైనచో ఆ యజమానులు దానికి భయపడనేల?

ఇక రెండవ తీరము. జేమ్సు సోమర్సెట్ అను నాతడు ఆఫ్రికానుండి చిన్నతనముననే దాసుడుగా తేబడి, 1749లో వర్జీనియాలో చార్లెస్ స్టూవర్ట్ అను వర్తకునకు అమ్మబడెను. 1769లో స్టూవర్ట్ అతనిని లండనుకు వెంట తెచ్చెను. 1771 ఫిబ్రవరిలో సోమర్సెట్ హోబర్న్‌లోని సెంట్ ఆండ్రూస్ దేవాలయమున జ్ఞానస్నానము పొందెను. అతనికి జాన్ మార్లో, థామస్ వాల్కిన్ అను పురుషులును, ఎలిజబెత్ కేడ్ అను స్త్రీయును పూటకాపులుగా నిలిచిరి. వారు ప్రభువులు కారు; మంత్రులు కారు. ఈ యొక్క వ్యవహారము లేకున్న వారి పేళ్లు మనకు తెలిసియుండెడివి కావు.

అదే సంవత్సరము అక్టోబరు మొదట సోమర్సెట్ యజమానిని విడిచి వెడలిపోయెను. నవంబరు 26న స్టూవర్ట్ మనుష్యులు అతనిని పట్టి, థేమ్సు నదిలో నిలిచియున్న ‘ఆన్ అండ్ మేరీ’ అను ఓడలో సంకెలలతో బంధించిరి. జమైకాకు కొనిపోయి అచట అమ్మివేయవలెనని సంకల్పము. ఓడ కదలినచో అంతటితో సరి. అతనికి ఆ నగరమున తల్లి లేదు, తండ్రి లేడు, కులము లేదు, చట్టము పలికించు పలుకుబడి లేదు. ముగ్గురు జ్ఞానపితరులు మాత్రముండిరి. వారు దినములు గడపక రాజధర్మాసనమునకు పోయి ప్రమాణపత్రములు దాఖలుచేసి, హెబియస్ కార్పస్ ఉత్తరువు కోరిరి. ప్రధానన్యాయాధిపతియైన మాన్స్‌ఫీల్డ్ ప్రభువు ఉత్తరువిచ్చెను. డిసెంబరు 9న ఓడ నాయకుడు సోమర్సెట్‌ను న్యాయస్థానమున నిలువబెట్టవలసివచ్చెను.

ఆ పిదప కథ ప్రసిద్ధమే. 1772 జనవరిలో సోమర్సెట్ దాస్యవిరోధియైన గ్రాన్‌విల్ షార్ప్‌ను ఆశ్రయించెను. హార్‌గ్రేవ్ మొదలగు న్యాయవాదులు అతని పక్షమున వాదించిరి. దేశమున నున్న 14,000 లేక 15,000 మంది దాసులను ఒక్కసారి విడిచిన కలుగు నష్టమును, తలకు 50 పౌనుల చొప్పున, మాన్స్‌ఫీల్డ్ స్వయముగా లెక్కవేసి చూపెను. తీర్పు చెప్పుట తప్పించుకొనుటకై ఆయన ఎలిజబెత్ కేడ్‌కు ఒక యుపాయము సూచించెనని షార్ప్ వ్రాసియుంచెను: ఆమెయే సోమర్సెట్‌ను కొని విడిచిపెట్టవచ్చునుగదా యని. ఆమె యొప్పుకొనలేదు. కొన్నచో, ఒక నిరపరాధిని పట్టి బంధించుటకు ఆ యజమానునకు హక్కు కలదని తాను అంగీకరించినట్లగునని ఆమె సమాధానము.

ఈ సమాధానమును చదువరులు నిదానముగా తలపోయుదురుగాక. డబ్బిచ్చి విడిపించినచో సోమర్సెట్ ఆ దినమే స్వతంత్రుడగును; ఆమెకు పుణ్యమును దక్కును. కాని ఆమె నిలిచినది దాతగా కాదు, పూటకాపుగా. ఇతడు మనుష్యుడు, దేవుని బిడ్డ యని సభలో పలికిన నోటితో, ఇతని వెల యెంత యని యడుగుట ఆమెకు సాధ్యము కాలేదు. అందులో అపాయ మున్నది. తీర్పు విరుద్ధముగా వచ్చినచో సోమర్సెట్ జమైకా చెరకుతోటల పాలగును. దానము సులభము, పూచీ కష్టము అని మన పెద్దలకు తెలియనిది కాదు.

1772 జూను 22న తీర్పు వెలువడెను. దాస్యము మిక్కిలి హేయమైనదనియు, స్పష్టమైన శాసనము లేనిదే అది నిలువజాలదనియు, యజమాని దాసుని బలాత్కారముగా దేశమునుండి కొనిపోవుటకు వీలులేదనియు మాన్స్‌ఫీల్డ్ చెప్పెను. సోమర్సెట్ విడుదలయయ్యెను. ఆ తీర్పుతోనే దాస్యము నశింపలేదు. బ్రిటిషువారి పరదేశ సంస్థానములలో దానిని రద్దుచేయు చట్టము 1833లో పుట్టి, 1834 ఆగస్టు 1న అమలులోనికి వచ్చెను. కాని మొదటి పలుపు తెగినది ఆనాడే. ఆ పలుపును కోసినవారిలో మొదటి ముగ్గురు, వేదాంతులు కారు, వక్తలు కారు. ఒకనాడు ఒక దేవాలయమున ఇతనికి మేమున్నామని పలికినవారు.

మన నీతిశాస్త్రము తండ్రులను అయిదుగురని లెక్కించినది: కన్నవాడు, ఉపనయనము చేసినవాడు, విద్య నేర్పినవాడు, అన్నము పెట్టినవాడు, భయమునుండి కాపాడినవాడు. సంస్కృతము చదువుకొను దినములలో ఈ పట్టికను కంఠస్థము చేసితిని గాని, చివరివాని నేల చేర్చిరో నేను ఆలోచింపలేదు. టెర్టులియను కాలపు జ్ఞానపిత విద్య నేర్పు తండ్రి. ఆగస్టీను చెప్పిన సన్న్యాసినులు అన్నము పెట్టు తల్లులు. లండను నగరపు మార్లో, వాల్కిన్, కేడ్‌లు భయత్రాతలు. ఒక్క పూచీయే అవసరమునుబట్టి ఈ మూడు రూపములును ధరించినది. పూచీపడునాడు ఏ రూపము కావలసివచ్చునో ఎవరికిని తెలియదు. పూచీయందలి భారమంతయు అచ్చటనే యున్నది.

నేటి సంగతియు చెప్పవలెను. 1983లో పోపు ప్రకటించిన ధర్మసంహిత వెనుకటి వివాహనిషేధమును తొలగించి, జ్ఞానపితకు కనీసము పదునారేండ్ల వయస్సుండవలెననియు, జ్ఞానస్నానము పొందినవాడు సన్మార్గమున నడచుటకు ఆతడు తోడ్పడవలెననియు విధించినది. కాని చాలచోట్ల మిగిలినది విందును, బంగారు గొలుసును, ఛాయాచిత్రమును మాత్రమే. 2021 అక్టోబరున సిసిలీ ద్వీపమందలి కటానియా మతమండలము, ఈ పదవి కేవలము లోకమర్యాదగా దిగజారినదని చెప్పి, జ్ఞానపితరులను నియమించుటను మూడేండ్లపాటు నిలిపివేసెను. పూచీ యుద్దేశము లేనివాడు పూటకాపుగా నిలుచుటకంటె పీఠము ఖాళీగా నుండుటయే మేలని వారికి తోచెను. టెర్టులియను మరల వచ్చి చెప్పినను ఇదియే చెప్పియుండును.

మనదేశమున ఈ యాచారము ఒక మతమువారికి మాత్రమే సంబంధించినది. కాని దాని వెనుకనున్న యవసరము అందరిది. కన్నవారు లేని బిడ్డలు, ఉండియు నిలువలేని కన్నవారు గల బిడ్డలు మన యూళ్లలో లేరా? వారికొరకు మనము చందాలు వేయుదుము, అన్నదానములు చేయుదుము, ఫలకములమీద పేళ్లు చెక్కించుకొందుము. ఇవి చెడ్డవి కావు. కాని వారిలో ఒక్కని పేరు తెలిసికొని, వాని పక్షమున కచేరికో బడికో ఆసుపత్రికో పోయి, ‘వీనికి నేనున్నాను’ అని చెప్పువారెందరు? చుట్టరికము లేదనియు, కులము వేరనియు చెప్పి మనము తప్పించుకొను ప్రతిపర్యాయమును, తన వానికి వెల కట్టనొల్లని ఆ లండను స్త్రీని తలచుకొనుట మంచిది.

ఆ పెద్దమనుష్యుడు వచ్చు పరీక్షల పిదప పిల్లవాని మార్కుల పత్రము కొరకు మరల వచ్చును. ఈసారి నాకు ఉత్తరము తెలియును. అయ్యా, మీరు కట్టుబడినది ఇంతకని ముందుగా చెప్పుటకు వీలులేదు. వీనికి ఓడ సిద్ధమైన దినమున మీరు తీరమున నుండవలయును, అంతే.